మూగ యెద్దు అనిపించుకొన్న పండితుడు

ఈ మాసము మేము చదువరుల యెదుట పెట్టదలచిన భక్తుడు మన ప్రొటెస్టంటు సంఘములవాడు కాడు. మార్టిను లూథరు పుట్టుటకు రెండు వందల యేండ్లకు పూర్వమే ఆయన కన్నుమూసెను. ఆయన బోధలో మన మనస్సాక్షి ఒప్పుకొనలేని సంగతులు కొన్ని గలవు. వాటిని ఈ పుటలలో దాచిపెట్టబోము. అయినను 2024వ సంవత్సరము మార్చి 7వ తేదీకి ఆయన మరణించి 750 ఏండ్లు నిండినవి. 2025 నాటికి ఆయన పుట్టి 800 ఏండ్లని లెక్క. ఇంత కాలము గడచినను ఆయన గ్రంథములు అచ్చగుచునే యున్నవి. రోమను కతోలిక గురువుల పాఠశాలలలోనే గాక ప్రొటెస్టంటు వేదాంత కళాశాలలలోను, దేవుని నమ్మని తత్త్వవేత్తల తరగతులలోను ఆయన మాట విచారణకు వచ్చుచునే యున్నది. ఆ కాలమున ఎందరో రాజులు, పోపులు, పండితులు వెలిగి ఆరిపోయిరి. ఈ ఒక్క దీపము ఆరకపోవుటకు హేతువేమి? దానిని విచారించుటయే మా యుద్దేశము.

ఆయన పేరు తోమా. ఇటలీ దేశములో అక్వీనో అను చోటి ప్రభువుల వంశమువాడు గనుక తోమా అక్వినాసు అని లోకము పిలుచుచున్నది. తోమా అనగానే మనవారికి మైలాపూరు జ్ఞాపకము వచ్చును. మన దేశమునకు సువార్త తెచ్చెనని పెద్దలు చెప్పుకొను అపొస్తలుడైన తోమా వేరు, ఈ తోమా వేరు. ఇద్దరి నడుమ పన్నెండు వందల యేండ్లున్నవి. అయితే ఒక పోలిక లేకపోలేదు. ఆ తోమా గాయములను చూచి తాకిన గాని నమ్మనని పట్టుబట్టెను. ప్రభువు అతనిని వెళ్లగొట్టక, చేయి చాచుమని దగ్గరకు పిలిచెను. ఈ తోమాయు తన జీవితమంతయు ప్రశ్నలతోనే గడపెను, ఆ ప్రశ్నలతోనే ప్రభువును వెంబడించెను.

రోము, నేపుల్సు పట్టణముల నడుమ కొండమీద రొక్కసెక్కా అను కోట యున్నది. ఆ కోటలో 1225 ప్రాంతమున ఆయన పుట్టెను. తండ్రి లాండల్ఫు, తల్లి థియొడోరా. ఇంటివారు చక్రవర్తియైన రెండవ ఫ్రెడరిక్కు కొలువులోనివారు. చక్రవర్తికిని పోపుకును ఆ దినములలో తీరని వైరము. ఇట్టి యింట చివరి కుమారుడైన తోమాను అయిదేండ్ల ప్రాయముననే మోంటే కస్సీనో అను ప్రసిద్ధమైన మఠములో విడిచిరి. ఇది భక్తితో మాత్రమే చేసిన పని కాదు. ఆ మఠము మిక్కిలి ధనము, భూములు గలది. కుమారుడు ఒకనాటికి దానికి అధిపతి కావలెనని వారి యాశ. ఆ చిన్నవాడు మఠములోని పెద్దలను పట్టుకొని దేవుడనగా ఎవరని మాటిమాటికి అడుగుచుండెనని ఒక పాత కథ గలదు. కథ యెట్లున్నను, ఆ ప్రశ్న ఆయనను చివరివరకు విడువలేదన్నది నిజము.

1239లో చక్రవర్తి సేనలు ఆ మఠమును పట్టుకొనగా తోమాను నేపుల్సుకు పంపిరి. అక్కడ ఫ్రెడరిక్కు 1224లో స్థాపించిన విశ్వవిద్యాలయము ఉండెను. ఆ పట్టణములో రెండు సంగతులు ఆయన బ్రదుకును మార్చివేసినవి. ఒకటి, క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్తయైన అరిస్టాటిలు పుస్తకములు. అవి కొన్ని అరబీ భాషనుండియు, కొన్ని గ్రీకునుండియు లాటినులోనికి కొత్తగా వచ్చుచుండెను. అన్యుడు వ్రాసినవి, ముస్లిము పండితులు వ్యాఖ్యానించినవి. వాటిని చదివిన విశ్వాసము చెడునని అనేకులు భయపడిరి. పారిసులో 1210లోనే సంఘాధికారులు వాటిలో కొన్నింటిని బోధింపరాదని నిషేధించియుండిరి. నేపుల్సులో అట్టి అడ్డు లేదు.

రెండవది, దొమినికు అను భక్తుడు స్థాపించిన ప్రసంగికుల సభ. ఆ సన్యాసులకు భూములు లేవు, ఆదాయము లేదు. చిరిగిన వస్త్రములతో వీధులలో భిక్షమెత్తుకొనుచు సువార్త ప్రకటించుట వారి పని. దొరబిడ్డయైన తోమా 1244లో ఆ సభలో చేరి వారి వస్త్రము ధరించెను.

ఇంటివారికి తల కొట్టివేసినట్లాయెను. మఠాధిపతి కావలసినవాడు బిచ్చగాడాయెను! ఆ సభవారు అతనిని తప్పించుటకు పారిసుకు పంపుచుండగా, తల్లి తన కుమారులకు వర్తమానము పంపెను. చక్రవర్తి దండులో నున్న ఆ యన్నలు దారి కాచి తమ్ముని పట్టుకొని కోటకు కొనిపోయిరి. సుమారు ఒక సంవత్సరము అతడు తన యింటనే ఖైదీగా నుండెను. బతిమాలిరి, బెదిరించిరి. అతనిని పాపములో పడవేయుటకు అన్నలు ఒక స్త్రీని అతని గదిలోనికి పంపిరనియు, అతడు పొయ్యిలోని కొరవిని తీసి ఆమెను తరిమివేసెననియు పూర్వపు చరిత్రకారులు వ్రాసిరి. అతడు మాత్రము ఆ నాలుగు గోడల నడుమ బైబిలు చదువుచు, దానిని కంఠస్థము చేయుచు, తన్ను మరల్చుటకు వచ్చిన సోదరీలకే వాక్యము బోధించుచుండెను. వారిలో ఒకతె తరువాత తానే సన్యాసినియాయెను. 1245లో ఇంటివారు విసిగి అతనిని విడిచిపెట్టిరి.

క్రీస్తు నిమిత్తము ఇంటిలో బంధింపబడిన కుమారుల కథలు మన సంఘములలో కొత్తవి కావు. మన తాతల తరములో అట్టివారు ఉండిరి. అయితే ఒక భేదము గమనింపదగినది. తోమాను బంధించినది క్రైస్తవురాలైన తల్లి. బాప్తిస్మము పొందిన యిల్లు, ప్రార్థనలు చేయు యిల్లు. కుమారుడు దేవుని సేవ చేయుట వారికి అభ్యంతరము కాదు. గౌరవము లేని సేవ చేయుటయే అభ్యంతరము. మార్కు సువార్త పదియవ అధ్యాయములో ఇంటిని, తల్లిని, సోదరులను విడుచుటను గూర్చి ప్రభువు సెలవిచ్చినది అన్యుల యిండ్లను గూర్చి మాత్రమే అని మనము అనుకొనరాదు. బిడ్డను సేవకు ఇచ్చితిమని చెప్పుకొనుచు, ఆ సేవకు పెద్ద జీతము, పెద్ద పట్టణము కోరు తలిదండ్రులు ఈ దినములలోను గలరు.

విడుదలైన తరువాత తోమా ఆల్బర్టు అను గొప్ప పండితునికి శిష్యుడై, 1248లో ఆయనతో జర్మనీ దేశపు కొలోను పట్టణమునకు వెళ్లెను. తోమా భారీ శరీరము గలవాడు, నెమ్మదియైనవాడు, తరగతిలో నోరు విప్పడు. తోటి విద్యార్థులు అతనికి మూగ యెద్దు అని పేరు పెట్టిరి. ఒకనాడు అతని జవాబు విని ఆల్బర్టు ఆశ్చర్యపడి, ఈ యెద్దు రంకె వేసిన నాడు లోకమంతయు వినునని ఆ పిల్లలతో చెప్పెనని కథ. నవ్విన పిల్లల పేర్లు నేడు ఎవరికిని తెలియవు.

పారిసులో బోధకుడైన సంవత్సరము 1256. తరువాత ఇటలీలో ఓర్వియేతో, రోము, విటెర్బో పట్టణములలోను, మరల 1268 మొదలు 1272 వరకు పారిసులోను, చివరకు నేపుల్సులోను బోధించెను. ఈ ప్రయాణముల వివరములతో చదువరులను విసిగింపము. ఒక్క సంగతి మాత్రము నొక్కి చెప్పవలసియున్నది. తత్త్వవేత్త యని పేరుపడిన ఈయన ఉద్యోగము తత్త్వశాస్త్రము చెప్పుట కాదు, బైబిలు చెప్పుట. ఆ కాలపు దైవశాస్త్ర బోధకునికి మొదటి పని పరిశుద్ధ గ్రంథమును వచనము వెంబడి వచనముగా విద్యార్థులకు వివరించుట. ఆయన యోబు గ్రంథమునకు, యోహాను సువార్తకు, పౌలు పత్రికలకు వ్యాఖ్యానములు వ్రాసెను. నాలుగవ అర్బను అను పోపు కోరగా, నాలుగు సువార్తలలోని ప్రతి భాగమునకు పూర్వపు సంఘ పితరులు చెప్పిన అర్థములను ఏరి ఒక హారమువలె కూర్చెను. బోధకు నిశ్చయమైన ఆధారము పరిశుద్ధ గ్రంథమే యనియు, సంఘ పండితుల మాటలు అంతటి నిశ్చయము గలవి కావనియు ఆయన తన ముఖ్య గ్రంథము మొదటనే వ్రాసెను. ఇది లూథరు కాలమునకు రెండు వందల యేబది యేండ్లకు ముందటి వ్రాత. మనవారిలో ఎందరికి ఈ సంగతి తెలియును?

ఆ ముఖ్య గ్రంథమే దైవశాస్త్ర సంగ్రహము, లాటినులో సుమ్మా థియలాజియే. 1265 ప్రాంతమున రోములో మొదలుపెట్టెను. ఇది మహాపండితులకు వ్రాసినది కాదు, చదువు మొదలుపెట్టు వారికని ముందుమాటలోనే చెప్పెను. (ఆ మొదటి తరగతి పిల్లలు ఎట్టివారో గాని, నేటి ఆచార్యులకే అది గట్టి గింజ.) పూర్తి కాకుండనే నిలిచిపోయిన ఆ గ్రంథములో 512 ప్రశ్నలు గలవు. ఒక్కొక్క ప్రశ్న మరల చిన్న ప్రశ్నలుగా విడదీయబడి, మొత్తము 2,600కు పైగా విచారణలు.

ఆ విచారణల పద్ధతి మిక్కిలి విశేషమైనది. తన మాట మొదట చెప్పడు. ఎదుటివాడు చెప్పగల బలమైన వాదములను మొదట వరుసగా పెట్టును. వాటిని వెక్కిరింపడు, బలహీనపరచడు. కొన్నిచోట్ల ఎదుటివాడు తానే అంత బాగుగా చెప్పుకొనలేడనిపించును. తరువాత వాటికి విరుద్ధమైన ఒక ఆధారము, తరచుగా లేఖనమునుండి, చూపును. అటుపిమ్మట తన తీర్పు, ఆ పైన ఒక్కొక్క ఆక్షేపణకు జవాబు. రచ్చబండ దగ్గర నీతిగల పెద్ద ఒకడు రెండు పక్షములను విన్న తరువాతనే నోరు తెరచినట్లుండును.

దేవుడు ఉన్నాడా అను ప్రశ్ననే చూడుడు. మఠములో పుట్టిన గ్రంథములో, సన్యాసి వ్రాసిన గ్రంథములో, ఆ ప్రశ్న ఉన్నది! లేడని చెప్పు వాదములు రెండు ఆయనే ముందుగా పెట్టెను. మంచివాడైన దేవుడుంటే లోకములో చెడుగు ఏల యున్నది అనునది మొదటిది. ప్రకృతి తన పని తానే చేసికొనుచుండగా దేవునితో అవసరమేమి అనునది రెండవది. పట్టణములో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చు మన కుమారులు, కుమార్తెలు తెచ్చు ప్రశ్నలు ఇవే గదా! అవి వినగానే కొందరు తండ్రులు కోపపడుదురు, కొందరు పాస్టరుగారి యొద్దకు పంపుదురు, పాస్టరుగారు ప్రార్థన చేయుదమందురు. తోమా కోపపడలేదు. ఆ రెండు వాదములను కాగితముమీద పెట్టి, దేవుడు మోషేతో పొదలోనుండి తన పేరు చెప్పిన సంగతిని వాటి యెదుట నిలిపి, తరువాత అయిదు మార్గములు చూపెను.

చలించునది ప్రతిదియు వేరొక దానిచేత చలింపజేయబడుచున్నది గనుక తాను చలింపక సమస్తమును చలింపజేయు ఒకడుండవలెనని మొదటి మార్గము. కార్యములకు కారణముల వరుస ఎక్కడనో ఒక ఆదికారణమునందు నిలువవలెనని రెండవది. నేడుండి రేపు లేకపోవు వస్తువులే సమస్తమైతే ఏమియు ఉండకపోవును గనుక ఉండితీరవలసినవాడు ఒకడు కావలెనని మూడవది. మంచిలో హెచ్చుతగ్గులు ఉండుటనుబట్టి నాలుగవది. తెలివిలేని వస్తువులు సహితము ఒక గమ్యమువైపు క్రమముగా నడచుటనుబట్టి అయిదవది. చెడుగును గూర్చిన ఆక్షేపణకు అగస్టీను భక్తుని అనుసరించి జవాబిచ్చెను: చెడుగునుండి సహితము మంచిని తీయగల శక్తి లేనియెడల దేవుడు చెడుగును రానిచ్చియుండడు. యోసేపు తన సహోదరులతో ఆదికాండము చివరను మాటలాడినది జ్ఞాపకము చేసికొనినయెడల ఈ జవాబు వేరు ఎక్కడ నున్నదో తెలియును.

ఈ అయిదు మార్గములు ఎవనినైనను రక్షించునా అని మీరడుగవచ్చును. రక్షింపవు. ఆయనయు అట్లు చెప్పలేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో సృష్టిని చూచి సృష్టికర్తను తెలిసికొనవచ్చునని పౌలు చెప్పినంతవరకే బుద్ధి నడచునని ఆయన అభిప్రాయము. దేవుడు త్రియేకుడని, వాక్యము శరీరధారియాయెనని బుద్ధి కనిపెట్టలేదు. దేవుడు బయలుపరచిన గాని తెలియదని స్పష్టముగా బోధించెను. లోకమునకు ఆరంభమున్నదన్న సంగతి సహితము తర్కముతో రుజువు చేయలేమనియు, విశ్వాసముచేతనే గ్రహింతుమనియు చెప్పి ఆ కాలపు భక్తులలో కొందరికి కోపము తెప్పించెను. తన పక్షమునకు లాభమైనను చెల్లని రుజువును చెల్లునని చెప్పుటకు ఆయన ఒప్పుకొనలేదు. మా దృష్టికి ఆయన గుణములలో ఇదియే మొదటిది.

మనిషి ఎట్టివాడు? భోజనపు బల్లయొద్ద కూర్చున్నను మనస్సు ఎక్కడనో ఉండెడిది. ఫ్రాన్సు రాజైన తొమ్మిదవ లూయీ విందులో ఆయన ఉన్నట్టుండి బల్లమీద గట్టిగా గుద్ది, మానికీయుల వాదమునకు జవాబు దొరికెనని చెప్పెననియు, రాజు కోపపడక వ్రాతగానిని పిలిపించి దానిని వ్రాయించెననియు చెప్పుదురు. ఆయన చేతివ్రాత ఎంత అధ్వాన్నమనగా, పండితులు దానికి చదువరాని వ్రాత అనియే పేరు పెట్టిరి. అందుచేత వ్రాతగాండ్రకు చెప్పి వ్రాయించెడివాడు. ఒకేసారి ముగ్గురు నలుగురికి వేర్వేరు సంగతులు చెప్పుచుండెనని ఆయనను ఎరిగినవారి సాక్ష్యము.

మనకు ఆయన మిక్కిలి దగ్గరగా వచ్చునది ఆ పెద్ద గ్రంథములో కాదు, 1273లో నేపుల్సులో శ్రమకాలమున చేసిన ప్రసంగములలో. విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, వీటినిగూర్చి ఆయన సామాన్య జనులకు వారి సొంత భాషలో బోధించెను. లాటినులో కాదు. అక్షరము రాని పనివారు, స్త్రీలు, పిల్లలు వినిరి. ఆ ప్రసంగములు తరువాత లాటినులో వ్రాయబడి నిలిచియున్నవి. విశ్వాసమును గూర్చి చెప్పుచు ఆయన రెండు సంగతులు పలికెను. తత్త్వవేత్తలందరు కూడినను ఒక్క ఈగ స్వభావమును పూర్తిగా తెలిసికొనలేకపోయిరనునది ఒకటి. క్రీస్తు రాకకు ముందు ఏ తత్త్వవేత్తయు తన సర్వ ప్రయాసముతో దేవునిగూర్చి తెలిసికొనలేనంత సంగతి, క్రీస్తు వచ్చిన తరువాత ఒక ముసలవ్వ విశ్వాసమువలన ఎరిగియున్నదనునది రెండవది. అరిస్టాటిలు గ్రంథములకు వ్యాఖ్యానములు వ్రాసిన చెయ్యి గలవాడు ఈ మాట చెప్పెను. గుడి వెనుక వరుసలో చాపమీద కూర్చుండి, ప్రభువు ప్రార్థన తప్ప మరేమియు నోటికి రాని మన అవ్వలు ఈ సంగతి వినదగినది. అయితే ఆయన ఆ అవ్వను పొగడి చదువును తృణీకరింపలేదని కూడ గమనింపవలెను. ప్రభువు శాస్త్రితో మాటలాడినప్పుడు హృదయముతోను బలముతోను మాత్రమే గాక వివేకముతోను దేవుని ప్రేమింపవలెనని చెప్పెను గదా.

ఆ సంవత్సరమే డిసెంబరు 6వ తేదీన, నేపుల్సులో ఆరాధన చేయుచుండగా ఆయనకు ఏదియో సంభవించెను. ఆ దినమునుండి కలము ముట్టలేదు. సంగ్రహ గ్రంథము మూడవ భాగములో, మారుమనస్సును గూర్చిన విచారణ నడుమ, ఆగిపోయెను. సహచరుడైన రెజినాల్డు పూర్తి చేయుమని బతిమాలగా, ఇక చేతకాదనియు, తాను చూచినదానితో పోల్చగా ఇంతవరకు వ్రాసినదంతయు గడ్డిపరకవలె కనబడుచున్నదనియు చెప్పెను. కొందరు ఇది దర్శనమందురు, కొందరు దేహబలము క్షీణించుట యందురు. రెండును కావచ్చును. పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచు తనకు లాభకరములైన వాటిని క్రీస్తు నిమిత్తము పెంటతో సమానముగా ఎంచుకొంటినని చెప్పిన చోటు మనకు తోచును. కాని గడ్డి అను మాటను సేద్యగాండ్రు పట్టణస్థులవలె అర్థము చేసికొనరు. కంకిని ఎత్తి పట్టినది గడ్డియే. గింజ చేతికి వచ్చిన తరువాత దానిని వామి వేయుదురు, తగులబెట్టరు. తోమాయు తన పుస్తకములను తగులబెట్టలేదు, తప్పులని చెప్పలేదు. వ్రాయుట మానివేసెను, అంతే.

1274 ఆరంభమున పదియవ గ్రెగరీ పోపు లియోను పట్టణములో కూర్చిన మహాసభకు రమ్మని పిలుపు వచ్చెను. దారిలో ఒక చెట్టుకొమ్మ తలకు కొట్టుకొనెను. మాయెన్సా అను చోట మేనగోడలు వరుసైన ఫ్రాన్సిస్కా యింట జబ్బుపడెను. ఏమి తినగలరని అడుగగా పారిసులో తిన్న ఒక జాతి చేప అడిగెనని తరువాతి విచారణలో సాక్షులు చెప్పిరి. అంతటి పండితునికి జబ్బులో నోటికి హితవైనది చిన్న చేప! అక్కడనుండి ఫొస్సనోవా మఠమునకు చేర్చిరి. మార్చి 7వ తేదీన అక్కడ మరణించెను. ఏబది యేండ్లు నిండలేదు.

ఆయన కీర్తి ఒక్కసారిగా రాలేదు. మరణించి సరిగా మూడేండ్లకు, 1277 మార్చి 7న, పారిసు బిషప్పు 219 సిద్ధాంతములను ఖండించెను. వాటిలో కొన్ని తోమా బోధకు తగిలినవి. ఫ్రాన్సిస్కను సన్యాసులు 1282లో ఆయన సంగ్రహమును సవరణలు లేక చదువరాదని కట్టడి చేసిరి. 1323లో ఇరువది రెండవ యోహాను పోపు ఆయనను పరిశుద్ధుడని ప్రకటించిన తరువాత, 1325లో పారిసు బిషప్పు ఆ ఖండనను ఆయన విషయములో రద్దు చేసెను. ఎముకలకొరకు కూడ తగవులాడిరి. 1369లో వాటిని ఫ్రాన్సులోని తులూజుకు తీసికొనిపోయిరి. నేటికిని ఆయన తల అని తులూజులో ఒకటి, ఫొస్సనోవా దగ్గర ప్రివెర్నోలో మరియొకటి చూపుచున్నారు. ఎముకలను గౌరవించుట మన పద్ధతి కాదు. రెండు తలల లెక్క తేల్చుట కూడ మన పని కాదు.

ఇక మనము ఒప్పుకొనలేని సంగతులు. ప్రభువు భోజనములో రొట్టె తన స్వభావమును మార్చుకొని క్రీస్తు శరీరమగునని ఆయన బోధించెను. పరిశుద్ధులకు ప్రార్థించుటను సమర్థించెను. వీటిలో తన సంఘముతో పాటు నడచెను. (మరియమ్మ జన్మపాపము లేక గర్భమున పడెనన్న బోధను మాత్రము ఆయన ఒప్పుకొనలేదు, రోమా సంఘము దానిని 1854లో సిద్ధాంతము చేసెను.) అన్నిటికంటె బాధాకరమైనది మరియొకటి. హెచ్చరించినను మారని మతభ్రష్టులను సంఘము వెలివేసి, మరణశిక్షకు రాజాధికారులకు అప్పగింపవచ్చునని ఆయన వ్రాసెను. ఎదుటివాని వాదమును అంత ఓపికతో విన్నవాడు ఎదుటివాని ప్రాణము విషయములో అట్లు వ్రాయుట మాకు దుఃఖము కలిగించుచున్నది. అట్టి ఆలోచన వెలిగించిన మంటలలోనే 1555, 1556 సంవత్సరములలో ఆక్సుఫర్డులో లాటిమరు, రిడ్లీ, క్రాన్మరు బూడిదయైరి. 1553లో జెనీవాలో సెర్విటసును కాల్చినవారు మనవారే గనుక మన చేతులు శుభ్రముగా నున్నవని చెప్పుకొనలేము.

లూథరు ఆయనను మెచ్చుకొనలేదు. 1518లో ఆగ్సుబర్గులో లూథరును విచారించిన కజెటాను కార్డినలు తోమా సంగ్రహమునకు గొప్ప వ్యాఖ్యాత. 1520 డిసెంబరు 10న విట్టెన్‌బర్గులో పోపు ఆజ్ఞాపత్రమును, సంఘ చట్టముల పుస్తకములను మంటలో వేసిన దినమున తోమా గ్రంథము కొరకు కూడ వెదకిరట. ఎవరును తమ ప్రతిని ఇచ్చుటకు ఇష్టపడలేదు. అన్యుడైన అరిస్టాటిలు సంఘపు బల్లయొద్ద పెద్ద పీట మీద కూర్చున్నాడని లూథరు మొర. ఆ మొరలో న్యాయమున్నది. నీతిమంతుడుగా తీర్చబడుట దేవుని ప్రకటన అని మనము చెప్పుచుండగా, మనిషిలో కృప పోయబడి అతనిని నీతిమంతునిగా చేయుట అని తోమా చెప్పెను. భేదము చిన్నది కాదు. అయినను ఆ కృప ముందుగా దేవునియొద్దనుండియే వచ్చుననియు, మనిషి దానిని సంపాదించుకొనలేడనియు ఆయన గట్టిగా చెప్పిన సంగతి మరువరాదు. ఆయన పాఠశాలలో చదువుకొనిన పీటరు మార్టరు వెర్మిల్లి, జాంకీ మొదలగు వారు సంస్కరణ పక్షమునకు వచ్చినప్పుడు ఆ చదువును ఇటలీలో విడిచి రాలేదు. రోమా సంఘము 1567లో ఆయనకు సంఘాచార్యుడను బిరుదిచ్చెను. 1879లో పదమూడవ లియో పోపు తమ పాఠశాలలన్నిటిలో ఆయనను ముఖ్యముగా బోధింపుమని ఆజ్ఞాపించెను. ఈ ఆజ్ఞలవలననే ఆయన నిలిచెనని కొందరందురు. ఆజ్ఞవలన పుస్తకములు అమ్ముడుపోవచ్చును గాని, ఆజ్ఞ చెల్లని చోటను చదువబడుచున్నవాని సంగతి ఏమి?

అట్టి చోటు ఒకటి చెప్పెదము. 1963 ఏప్రిలులో అమెరికాలోని బర్మింగ్‌హాము పట్టణపు జైలులో మార్టిను లూథరు కింగు అను నల్లజాతి బాప్టిస్టు పాస్టరు ఉండెను. జాతినిబట్టి మనుష్యులను వేరుచేయు చట్టములకు ఎదురు నిలిచినందుకు బంధింపబడెను. చట్టమునకు లోబడవలెనని ఆక్షేపించిన పాదిరులకు ఆయన జైలునుండి వ్రాసిన ఉత్తరములో, దేవుని నిత్యధర్మములోను సహజధర్మములోను వేరులేని చట్టము అన్యాయపు చట్టమని చెప్పుచు తోమా అక్వినాసును సాక్షిగా పిలిచెను. లూథరు పేరు పెట్టుకొనిన పాస్టరు, లూథరుకు నచ్చని సన్యాసిని సాయము అడిగెను! ఊరబావియొద్ద నీళ్లు తోడనియ్యని దినములు ఎరిగిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. మనిషి వ్రాసిన కట్టుబాటుకు పైన దేవుని ధర్మము ఒకటున్నదన్న మాట వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

లియో పోపు కాలమున ఆయన గ్రంథములన్నిటిని పాత ప్రతులతో సరిచూచి అచ్చువేయు పని మొదలుపెట్టిరి. మొదటి సంపుటము 1882లో వెలువడెను. ఆ పని నేటికిని ముగియలేదు. ఆయన తన చేతితో వ్రాసిన కాగితములు కొన్ని రోములో వాటికను గ్రంథాలయములో నున్నవి. వంకర గీతలు, కొట్టివేతలు, మరల వ్రాతలు. వాటిని చదువగలవారు లోకమంతటిలో కొద్దిమంది మాత్రమే.